మోటార్‌సైకిల్‌కు అదనపు ఎల్‌ఈడీ లైట్లు: ఎదుటివారి కంట పడేలా అమర్చుకోవడం ఎలా?

మోటార్‌సైకిల్‌కు అదనంగా లైట్లు పెట్టుకోవాలనుకునేవారు ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి. తమకు దారి సరిగా కనబడటం లేదా, లేక తామే ఇతరులకు కనబడటం లేదా? పైకి ఒకటిగానే తోచినా ఈ రెండూ వేర్వేరు అవసరాలు. దారి చూపే దీపం వెలుగు దూరం పోవాలి, దాని పై అంచు గీత గీసినట్లు తెగి ఉండాలి. ఉనికిని తెలిపే దీపానికి అంత వెలుగు అక్కర్లేదు గానీ, ముందు నుంచీ పక్క నుంచీ వెనుక నుంచీ చూసేవారందరికీ అది కనబడాలి. ఈ తేడా తెలియక చాలామంది రెండో అవసరానికి మొదటి రకం దీపాలు కొని, ఎదుటివారి కళ్లు చెదరగొట్టడం తప్ప సాధించేదేమీ లేకుండా పోతుంది. ఈ వ్యాసం ప్రధానంగా రెండో అవసరం గురించినది.

అమెరికాలో యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాకు చెందిన హ్యారీ హర్ట్ బృందం 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి, 1981లో నివేదిక వెలువరించింది. ఇతర వాహనాలతో ఢీకొన్న సందర్భాలలో ఆ వాహనం నడిపేవారు మోటార్‌సైకిల్‌ను గుర్తించకపోవడమే ప్రధాన కారణమని అందులో తేలింది. దీనికి వారి నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. ముందు నుంచి చూస్తే మోటార్‌సైకిల్ చాలా సన్నని వాహనం. దూరం నుంచి వచ్చే వస్తువు వేగాన్ని మన కన్ను దాని ఆకారం ఎంత త్వరగా పెద్దదవుతోందన్న దాన్నిబట్టి అంచనా వేస్తుంది. కారుకున్న రెండు హెడ్‌లైట్లు దగ్గరవుతున్నకొద్దీ ఒకదానికొకటి ఎడంగా జరుగుతున్నట్లు కనిపిస్తాయి. ఒంటి దీపంతో వచ్చే బండి మాత్రం చాలా దగ్గరికి వచ్చేదాకా ఒక చుక్కలాగానే ఉంటుంది. కాబట్టి ఆ చుక్కను మరింత ప్రకాశవంతం చేయడం కంటే, చుక్కను ఆకారంగా మార్చడం మేలు.

పైన హెడ్‌లైట్, దానికి దిగువన కుడి ఎడమల రెండు చిన్న దీపాలు వీలైనంత ఎడంగా ఉంటే, ఎదుటివారికి మూడు చుక్కల త్రిభుజం కనిపిస్తుంది. బండి దగ్గరవుతుంటే ఆ త్రిభుజం విచ్చుకుంటుంది. అమరిక అంతటికీ ఇదే పునాది.

ఎక్కడ పెట్టాలి, ఏ రంగు ఉండాలి

ముందువైపు దీపాలకు అనువైన చోటు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ గొట్టమో, ఇంజిన్ గార్డు చివరలో. ఫోర్క్‌కు బిగించేటప్పుడు చక్రంతోపాటు పైకీ కిందికీ కదిలే భాగానికి కాకుండా, కదలని పై గొట్టానికి బిగించడం మంచిది. అలా చేస్తే గుంతల అదురు నేరుగా దీపానికి చేరదు, వైరు కూడా రోజూ వేలసార్లు వంగే పని ఉండదు. గార్డుకు బిగిస్తే దీపాల మధ్య ఎడం ఎక్కువ వస్తుంది గానీ, బండి పడితే ముందుగా పగిలేవి అవే. గార్డు అంచు కంటే రెండు వేళ్ల మందం లోపలికి బిగిస్తే ఆ ముప్పు చాలావరకు తప్పుతుంది.

రంగు విషయంలో సొంత అభిరుచికి చోటు తక్కువ. 1968లో వియన్నాలో కుదిరిన రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం ప్రకారం వాహనం ముందువైపు ఎరుపు కాంతి, వెనుకవైపు రివర్స్ లైటు వంటి మినహాయింపులు తప్ప తెలుపు కాంతి చూపకూడదు. చాలా దేశాల చట్టాలు ఇదే పద్ధతిని అనుసరిస్తాయి. నీలం రంగు, మిణుకుమిణుకుమనే లైట్లు సాధారణంగా అత్యవసర వాహనాలకు కేటాయించినవి. ఇదేదో కాగితం మీది నియమం మాత్రమే కాదు. రాత్రి రోడ్డు మీద ఎర్రదీపం కనబడితే అటువైపు వాహనం వెళ్తోందని, తెల్లదీపం కనబడితే ఇటువైపు వస్తోందని మెదడు క్షణంలో తేల్చేస్తుంది. బండి కింద రంగురంగుల ఎల్‌ఈడీ స్ట్రిప్పులు (పట్టీలు) వెలిగిస్తే చూసేవారికి బండి కనబడుతుంది గానీ ఎటు పోతోందో తెలియదు. కొనే ముందు మీరుండే చోట అదనపు దీపాలకు సంఖ్య, రంగు, ఎత్తు విషయంలో ఉన్న పరిమితులు చూసుకోవడం అవసరం.

ముందు దీపాలకు తెలుపు గానీ, కాషాయం కలిసిన పసుపు గానీ వాడవచ్చు. అయితే ఇండికేటర్లు కూడా కాషాయ రంగువే కనుక, పసుపు దీపాలను వాటి పక్కనే పెడితే ఇండికేటర్ వెలిగిందో లేదో ఎదుటివారికి తేల్చుకోవడం కష్టం. తెల్లదీపమైనా అంతే. నేను మొదటిసారి అమర్చినప్పుడు అందంగా ఉంటుందని తెల్ల స్ట్రిప్పులను ఇండికేటర్లకు ఆనించి అతికించాను. ఎదురుగా మరో బండి మీద వచ్చిన మిత్రుడు, నేను మలుపు తిరిగేదాకా ఇండికేటర్ వేసినట్లే కనబడలేదని చెప్పాడు. కనబడాలని పెట్టుకున్న వెలుగు, కనబడాల్సిన సంకేతాన్నే మింగేసింది. ఇండికేటర్‌కూ ఏ ఇతర దీపానికీ మధ్య కనీసం జానెడు దూరం ఉంచడం అప్పటినుంచి నాకు నియమం.

వెనుకవైపు చేయాల్సింది కొంచెమే అయినా జాగ్రత్త ఎక్కువ కావాలి. పాత రకం టెయిల్ బల్బులో రెండు ఫిలమెంట్లు (వేడెక్కి వెలిగే తీగలు) ఉంటాయి. మామూలు వెలుగుకు 5 వాట్లది, బ్రేకుకు 21 వాట్లది. బ్రేకు పడిందని వెనుకవారికి తెలిపేది ఈ రెండింటి మధ్య ఉన్న తేడాయే. టెయిల్ లైటుగా బాగా వెలిగే ఎర్ర స్ట్రిప్పు పెడితే బ్రేకు లైటు దానిలో కలిసిపోతుంది. అందువల్ల వెనుక అదనంగా పెట్టే స్ట్రిప్పును బ్రేకు వైరుకు మాత్రమే కలపడం ఉత్తమం. ఇక్కడ ఎల్‌ఈడీకి ఒక సహజమైన మేలు ఉంది. ఫిలమెంటు వేడెక్కి పూర్తి వెలుగు ఇవ్వడానికి సెకనులో సుమారు ఐదోవంతు పడుతుంది; ఎల్‌ఈడీ దాదాపు తక్షణమే వెలుగుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెనుక వస్తున్న వాహనం ఆ ఐదోవంతు సెకనులో 5 మీటర్లు ముందుకు వస్తుంది. ఉన్న బల్బునే ఎల్‌ఈడీ బల్బుతో మార్చేవారు ఎర్ర అద్దం వెనుక ఎర్ర ఎల్‌ఈడీనే పెట్టాలి. తెల్ల ఎల్‌ఈడీ కాంతిలో ఎరుపు పాలు తక్కువ కాబట్టి, ఎర్ర అద్దం గుండా అది వెలవెలబోయినట్లు వస్తుంది.

పక్కల నుంచి వచ్చే వాహనాల కోసం వెనుక ఫెండర్‌కో, సీటు కింది ప్యానెల్‌కో వెలుగును తిప్పి వెనక్కి పంపే రిఫ్లెక్టివ్ టేపు అతికించవచ్చు. ఇది ఎల్‌ఈడీ కాకపోయినా, కరెంటు అడగదు, ఫ్యూజు కాల్చదు, ఎదుటి హెడ్‌లైట్ పడిన ప్రతిసారీ పనిచేస్తుంది.

బండి ఎంత భారం మోయగలదు

కొనుగోలుకు ముందే ఇంజిన్ ఆపి, కొంతసేపు ఆగి, వోల్టులు, ఆంపియర్లు కొలిచే మల్టీమీటర్‌తో బ్యాటరీ వోల్టేజి చూడాలి. నిండుగా ఛార్జి అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టుల మధ్య చూపుతుంది. ఇంజిన్ నడిపి, హెడ్‌లైట్ వేసి, బ్రేకు నొక్కి పట్టుకుని మళ్లీ చూడాలి. మామూలుగా బండి నడిపే ఇంజిన్ వేగంలో అది 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే కొంత మిగులు ఉన్నట్లు. 13 వోల్టుల దగ్గరే తచ్చాడుతుంటే ఆ బండి ఇప్పటికే ఇబ్బంది పడుతోందని అర్థం. దానికి కొత్త భారం పెట్టే ముందు ఛార్జింగ్ వ్యవస్థను బాగు చేయించాలి.

కొన్ని చిన్న బండ్లలో హెడ్‌లైట్ బ్యాటరీ మీద కాక, ఇంజిన్‌లోని కాయిల్ నుంచి వచ్చే ఏసీ కరెంటు మీద నేరుగా వెలుగుతుంది. ఇంజిన్ వేగం తగ్గినప్పుడల్లా హెడ్‌లైట్ మసకబారి, పెంచితే వెలుగు పెరుగుతుంటే ఆ అనుమానం రావాలి. అలాంటి బండిలో హెడ్‌లైట్ వైరుకు ఎల్‌ఈడీలు కలిపితే మిణుకుమంటూ త్వరగా పాడవుతాయి. వాటికి కరెంటును తప్పనిసరిగా బ్యాటరీ వైపు నుంచే తీసుకోవాలి.

లెక్క కష్టమైనది కాదు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ముందు 10 వాట్ల దీపాలు రెండు, పక్కలకు 30 సెంటీమీటర్ల స్ట్రిప్పులు రెండు, వెనుక 3 వాట్ల బ్రేకు స్ట్రిప్పు ఒకటి అనుకుందాం. మీటరుకు 60 పెద్ద ఎల్‌ఈడీలుండే 12 వోల్టుల స్ట్రిప్పు సాధారణంగా మీటరుకు 14.4 వాట్లు తీసుకుంటుంది కాబట్టి, 60 సెంటీమీటర్లకు సుమారు 8.6 వాట్లు. అంతా కలిపి దాదాపు 32 వాట్లు. 13.5తో భాగిస్తే 2.4 ఆంపియర్లు. కొంత వెసులుబాటు కోసం దానికి ఒకటిన్నర రెట్లు తీసుకుంటే 3.6 కాబట్టి, ఆ పై మెట్టులో దొరికే 5 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. వైరు 0.75 చదరపు మిల్లీమీటర్లది వాడితే చాలు. ఫ్యూజు ఉన్నది దీపాన్ని కాపాడటానికి కాదు, వైరు కాలి బండి అంటుకోకుండా ఆపడానికి. అందుకే అది వైరు మోయగలిగే కరెంటు కంటే తక్కువదై ఉండాలి, బ్యాటరీకి జానెడు లోపలే ఉండాలి. ఫ్యూజు పదే పదే పోతోందని పెద్ద ఫ్యూజు వేయడం జబ్బును వదిలేసి ఒళ్లు వెచ్చబడటాన్ని దాచుకోవడం లాంటిది.

దీపాలు ఎంచుకునేటప్పుడు పెట్టె మీద రాసిన వేల ల్యూమెన్ల కంటే ఐపీ67 అన్న గుర్తు ముఖ్యం. అందులో 6 అంకె దుమ్ము లోపలికి చొరబడదని, 7 అంకె మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచినా చెడదని చెబుతాయి. దీపం వెనుక భాగం లోహంతో, రెక్కలు రెక్కలుగా ఉంటే వేడి బయటికి పోతుంది. ఎల్‌ఈడీని చంపేది వేడే. హెడ్‌లైట్‌లోని హాలోజన్ బల్బు తీసి ఎల్‌ఈడీ బల్బు పెట్టడాన్ని మాత్రం నేను సిఫారసు చేయను. ఆ రిఫ్లెక్టరు, ఫిలమెంటు ఉన్న చోటును లెక్కించి మలచినది. కాంతి పుట్టే చోటు కొంచెం జరిగినా వెలుగు చెదిరి, దారి మీద తగ్గి ఎదుటివారి కళ్లలో పడుతుంది.

వైరింగ్

పని మొదలుపెట్టే ముందు కీ ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరును విప్పాలి. పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ పొరపాటున ఛాసిస్‌కు తగిలి నిప్పులు రాలతాయి. బిగించేటప్పుడు నెగటివ్ చివర బిగించాలి.

రెండు మూడు ఆంపియర్ల భారాన్ని బండిలో ముందే ఉన్న సన్నని వైర్ల మీద వేయకుండా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) వాడటం సురక్షితం. మామూలు నాలుగు కాళ్ల రిలే మీద 30, 85, 86, 87 అన్న అంకెలు ఉంటాయి. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే వైరు 30కి, దీపాలకు వెళ్లే వైరు 87కి కలపాలి. 85ను ఎర్త్‌కు (బ్యాటరీ నెగటివ్ వైపుకు), 86ను కీ ఆన్ చేసినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే వైరుకు కలపాలి. రిలే లోపలి కాయిల్ తీసుకునేది సుమారు 0.15 ఆంపియరే కాబట్టి ఆ వైరు మీద భారం పడదు. కీతో వెలిగే వైరు ఏదో మల్టీమీటర్‌తో పరీక్షించి తెలుసుకోవాలి. సాధారణంగా టెయిల్ లైటు వైరు దీనికి అనుకూలం. 86కు వెళ్లే దారిలో నీరు చొరబడని చిన్న స్విచ్చు పెడితే అవసరం లేనప్పుడు దీపాలు ఆపుకోవచ్చు. బ్రేకు స్ట్రిప్పుకు ఈ రిలేతో పని లేదు. 3 వాట్ల భారాన్ని బ్రేకు లైటు వైరు తేలిగ్గా మోస్తుంది.

స్విచ్చులు, దీపాలు అన్నింటినీ ఒక కంప్యూటర్ పర్యవేక్షించే కొత్త తరం బండ్లలో ఉన్న వైర్లను కోయకూడదు. తీసుకునే కరెంటులో కొద్దిపాటి తేడా వచ్చినా అవి లోపం ఉన్నట్లు చూపవచ్చు. అలాంటి బండికి తయారీదారు ఇచ్చిన అదనపు కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) ఉంటే దాన్నే వాడుకోవాలి.

ఎర్త్ దగ్గర చాలామంది పొరబడతారు. దీపాన్ని ఫోర్క్‌కు బిగించాం, ఫోర్క్ లోహమే కదా అని అక్కడే ఎర్త్ ఇస్తే, కరెంటు హ్యాండిల్ బేరింగుల మీదుగా, వాటిలోని గ్రీజు మీదుగా ఛాసిస్‌కు చేరాలి. కొన్నాళ్లు బాగానే వెలిగి, తర్వాత హ్యాండిల్ తిప్పినప్పుడల్లా మిణుకుమనడం మొదలవుతుంది. ప్రతి దీపం నెగటివ్ వైరునూ బ్యాటరీ నెగటివ్‌కు గానీ, రంగు గీకి శుభ్రం చేసిన ఛాసిస్ బోల్టుకు గానీ తీసుకురావాలి.

అతుకుల విషయంలో నా అభిప్రాయం స్పష్టం. వైరును మెలితిప్పి టేపు చుట్టడం అతుకే కాదు. వైరును మధ్యలో కొరికి నొక్కేసే ప్లాస్టిక్ బిగింపులు లోపలి పోగులను తెంపుతాయి, వానకు తుప్పు పట్టిస్తాయి. టంకం పెట్టిన చోట వైరు గట్టిపడి, ఆ గట్టిదనం ముగిసే దగ్గర అదురుకు తెగే ప్రమాదం ఉంది. సరైన పనిముట్టుతో లగ్గు (వైరు కొసకు తొడిగే లోహపు ముక్క) నొక్కి, దాని మీద లోపల జిగురున్న వేడికి ముడుచుకునే స్లీవు వేసిన అతుకే అదురునూ తడినీ తట్టుకుంటుంది. బయటికి కనిపించే అతుకులకు సీలు కోసం సిలికాన్ వాడేవారు పుల్లటి వాసన వచ్చే రకాన్ని వాడకూడదు. అది గట్టిపడుతూ వదిలే ఆమ్లం రాగిని తినేస్తుంది.

వైర్లను ఇంజిన్ నుంచీ సైలెన్సర్ నుంచీ దూరంగా, బండిలోని పాత వైర్ల కట్ట పక్కగా తీసుకువెళ్లి, ప్రతి 15 సెంటీమీటర్లకు ఒక కట్టు వేయాలి. కట్లు బిగించే ముందు హ్యాండిల్‌ను ఒక కొస నుంచి మరో కొసకు తిప్పి చూడాలి. ఎక్కడైనా వైరు బిగుసుకున్నా, క్లచ్ కేబుల్‌కు గానీ యాక్సిలరేటర్ కేబుల్‌కు గానీ తగిలినా దారి మార్చాలి. హ్యాండిల్ తిప్పితే యాక్సిలరేటర్ దానంతటదే పెరిగే పరిస్థితి లైటు లేకపోవడం కంటే ప్రమాదకరం.

స్ట్రిప్పును దాని మీద గుర్తు వేసిన చోటే కత్తిరించాలి. 12 వోల్టుల స్ట్రిప్పులలో సాధారణంగా మూడేసి ఎల్‌ఈడీలు ఒక జట్టుగా ఉంటాయి, మధ్యలో కోస్తే ఆ జట్టు మొత్తం వెలగదు. అతికించే చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, గట్టిగా నొక్కి, ఒక రోజంతా నీరు తగలకుండా ఉంచితే జిగురు పట్టు బిగుస్తుంది. కోసిన కొసను సీలు చేయకపోతే మొదటి వానకే నీరు లోపలికి పాకుతుంది.

ఇండికేటర్లు మార్చేవారికి

ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరాలి. బల్బుల స్థానంలో ఎల్‌ఈడీలు పెట్టగానే కరెంటు బాగా తగ్గిపోవడంతో, బల్బు పోయిందనుకుని ఇండికేటర్లను వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ వేగంగా కొట్టుకోవడం మొదలుపెడుతుంది, లేదా అసలు కొట్టుకోదు. దీనికి రెసిస్టర్లు కలపడం ఒక పద్ధతి. కానీ అవి కరెంటును వేడిగా మార్చి పారేస్తాయి, ప్లాస్టిక్‌కు తగిలితే కరిగిస్తాయి. ఎల్‌ఈడీల కోసమే తయారైన ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయడం శుభ్రమైన పరిష్కారం. అది వేశాక కూడా ఒక వైపు ఇండికేటర్ వేస్తే నాలుగూ వెలుగుతుంటే, హ్యాండిల్ దగ్గరి స్పీడు మీటరులో రెండు వైపులకూ కలిపి ఒకే సూచిక బల్బు ఉందన్నమాట. కరెంటు దాని గుండా రెండో వైపుకు పారుతుంది. పాత బల్బులను వెలిగించడానికి చాలని ఆ కొద్ది కరెంటే ఎల్‌ఈడీలకు చాలు. ఆ బల్బు దగ్గర కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్లు రెండు అమర్చి, ఎర్త్ ఇస్తే సమస్య తీరుతుంది.

గురి సరిచూడటం, పరీక్ష

బండిని సమతలంలో, గోడకు 10 మీటర్ల దూరంలో, స్టాండు మీద కాకుండా నిటారుగా, నడిపే మనిషి కూర్చుని ఉండగా నిలపాలి. టైర్లలో గాలి సరిగా ఉండాలి. దీపం మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో గీత గీయాలి. దీపం వెలుగులో గాఢమైన భాగం ఆ గీతకు 10 నుంచి 20 సెంటీమీటర్ల కిందికి ఉండేలా వంచి బిగించాలి. వెనుక ఎవరైనా కూర్చుంటే బండి ముందుభాగం లేచి వెలుగు పైకి జరుగుతుంది కనుక, తరచూ ఇద్దరు ప్రయాణించేవారు మరికొంత కిందికే వంచాలి. తర్వాత ఒకరిని బండి మీద కూర్చోబెట్టి 50 మీటర్ల దూరం నడిచి వెళ్లి చూడటం మంచిది. కళ్లు చికిలించాల్సి వస్తే దీపాల వెలుగు ఎక్కువైనట్లు. ఇండికేటర్, బ్రేకు స్పష్టంగా కనబడకపోతే దీపాల చోటు తప్పినట్లు. ఈ పరీక్ష పగలొకసారి, చీకటి పడ్డాక ఒకసారి చేయాలి.

చివరగా కరెంటు దొంగతనం జరగడం లేదని చూసుకోవాలి. కీ ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరుకూ బ్యాటరీకీ మధ్య మల్టీమీటర్‌ను మిల్లీఆంపియర్ల మీద పెట్టి చూస్తే, కీ ఆపినా లాగుతున్న కరెంటు తెలుస్తుంది. ఆ సమయంలో కీ ఆన్ చేస్తే మీటర్ ఫ్యూజు పోతుంది. ఊరికే 10 మిల్లీఆంపియర్లు లాగుతున్నా రోజుకు 0.24 ఆంపియర్ అవర్లు పోతాయి. 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు వారాలు కదలకుండా ఉంటే ఖాళీ అవుతుంది. అమర్చక ముందు ఈ కొలత ఎంతుందో రాసి పెట్టుకుంటే, పెరిగినది మీ పని వల్లనా, ముందే ఉన్నదా అన్నది తేలుతుంది.

మొదటి 200 కిలోమీటర్ల తర్వాత దీపాల బోల్టులన్నీ మరోసారి బిగించి, గోడ ముందు గురి మళ్లీ చూడాలి. మొదటి పెద్ద వాన తర్వాత అద్దాల లోపల ఆవిరి పట్టిందేమో పరిశీలించి, పట్టిన దీపాన్ని విప్పి ఆరబెట్టి, నీరు చేరిన సందును మూసి తిరిగి బిగించాలి.